కొత్త పీసీలో బ్లూ స్క్రీన్ ఆగట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చదవండి

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీలో పక్క రూమ్‌లో ఉండే అనంతపురం తమ్ముడు ఎస్పీ రోడ్డుకెళ్లి, నాలుగైదు షాపులు తిరిగి రేట్లు కనుక్కుని, జీవితంలో మొదటిసారి తన చేతులతో తనే పీసీ బిగించుకున్నాడు. మొదటి రోజు బాగానే నడిచింది. రెండో రోజు రాత్రి గేమ్ మధ్యలో విండోస్ ఆగిపోయి నీలం తెర, అదే బ్లూ స్క్రీన్, వచ్చింది. మూడో రోజు బ్రౌజర్ తెరవగానే వచ్చింది. ఆ తర్వాత ఏమీ ముట్టుకోకుండా వదిలేసినా వచ్చేది. వారంలో మూడుసార్లు విండోస్ ఫార్మాట్ కొట్టాడు. క్యాబినెట్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని షాపుకు తీసుకెళితే, వాళ్లు గంటసేపు ఆన్‌లో ఉంచి బానే ఉంది కదా అని పంపేశారు. రూమ్‌కొచ్చి పట్టుమని పది నిమిషాలు కాకముందే మళ్లీ అదే. నా దగ్గరికొచ్చేసరికి వాడు బాగా డీలా పడిపోయాడు. ఏడాది పాటు జీతంలోంచి కొంచెం కొంచెం దాచిన డబ్బది.

వాడి పీసీలో ఒక్క పార్టు కూడా పాడవలేదు. అసలు సంగతేంటో ర్యామ్ దగ్గరికొచ్చినప్పుడు చెప్తాను. ఈ లోపు ఒక్క మాట మాత్రం గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే కింద చెప్పే ప్రతి పనీ దాని మీదే నడుస్తుంది: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసింది కాగితం మీద రాయాలి. డ్రైవర్ (ఒక్కో పార్టుని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) మార్చి, బయాస్ (పీసీ ఆన్ అవగానే ముందుగా నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, ర్యామ్ పీకి పెట్టి, అన్నీ ఒకే రాత్రి చేసేస్తే, రేపు క్రాష్ ఆగినా దేనివల్ల ఆగిందో తెలీదు, నెల తర్వాత మళ్లీ మొదలైతే మళ్లీ మొదటికే వస్తారు. ఒక పాత నోట్‌బుక్ తీసుకుని తేదీ, టైమ్, అప్పుడు ఏం చేస్తున్నారు, తెర మీద ఏం రాసి ఉంది, దానికి ముందు మీరు ఏం మార్చారు, ఈ ఐదూ రాస్తూ పోండి.

మొదట తెరను ఆపండి

బ్లూ స్క్రీన్ వచ్చి రెండు సెకన్లలో మాయమైపోతుంటే దాని మీద ఏముందో చదవలేం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, అక్కడ అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ లోకి వెళ్లి, స్టార్టప్ అండ్ రికవరీ దగ్గరున్న సెట్టింగ్స్ బటన్ నొక్కండి. ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్న టిక్ తీసేయండి. కిందే డంప్, అంటే క్రాష్ వివరాలుండే ఫైలు, ఏ రకంగా రాయాలో అడుగుతుంది, స్మాల్ మెమరీ డంప్ పెట్టండి. పేజ్ ఫైల్‌ని (ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్కు మీద వాడుకునే ఫైలు) ఎవరో వీడియోలో చెప్పారని ఆపేసి ఉంటే, సీ డ్రైవ్ మీద మళ్లీ ఆన్ చేయండి, అది లేకపోతే డంప్ ఫైలే తయారవదు. ఇకపై క్రాష్ అయితే తెర అక్కడే నిలబడి ఉంటుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోండి. కొత్త విండోస్ 11లో 2025 నుంచి ఈ తెర నీలంగా కాక నల్లగా వస్తోంది, కంగారు పడొద్దు, ఏ రకం క్రాషో చెప్పే స్టాప్ కోడ్ కిందే ఉంటుంది.

ఇక్కడే ఇంకో తేడా చూసుకోవాలి. నీలం తెర ఏదీ లేకుండా, లైటు స్విచ్ ఆపినట్టు టక్కున ఆరిపోయి తిరిగి లేస్తోందా? విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే కెర్నల్ పవర్ 41 అన్న ఎంట్రీ కనిపిస్తుంది. చాలామంది దాన్నే జబ్బు పేరు అనుకుని దాని గురించే వెతుకుతుంటారు. అది చెప్పేది ఒక్కటే, పోయినసారి సరిగ్గా షట్‌డౌన్ అవలేదు అని. దాని డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (స్టాప్ కోడ్‌కి అంకె రూపం) 0 అని ఉంటే విండోస్‌కి తెర చూపించేంత టైమ్ కూడా దొరకలేదన్నమాట. అప్పుడు ముందు చూడాల్సింది కరెంటు, ఎస్‌ఎమ్‌పీఎస్ (పార్టులకు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా), వేడి. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే అది నిజమైన బ్లూ స్క్రీన్, కింది దారిలో వెళ్లండి.

చేత్తో చూడాల్సినవి

ప్లగ్ పీకేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుముని ఒకసారి తాకి, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టండి. ర్యామ్ తీసి మళ్లీ పెట్టండి, క్లిప్ టక్ మని పడాలి. ప్రాసెసర్ పవర్ కేబుల్, అదే బోర్డు పైమూల ఎనిమిది పిన్నులది, పూర్తిగా కూర్చుందో లేదో చూడండి. గ్రాఫిక్స్ కార్డుకి రెండు పవర్ సాకెట్లుంటే ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలల్ని పెట్టకుండా ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి రెండు వేరు కేబుళ్లు లాగండి. కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారా? కొత్తగా బిగించినవాళ్లలో ఇది మర్చిపోయినవాళ్లని నేనే ఇద్దర్ని చూశాను. కార్డుని నిలువుగా పెట్టడానికి రైజర్ కేబుల్ వాడి ఉంటే, దాన్ని తీసేసి కార్డుని నేరుగా బోర్డులో పెట్టి చూడండి. పాత తరం (జెన్ 3) రైజర్ మీద దాని తర్వాతి తరం (జెన్ 4) కార్డు నడిపితే ఇలాంటి గొడవలు వస్తాయి.

పీజీల్లో, పాత అద్దె ఇళ్లలో ఎర్తింగ్ సంగతి కూడా చూడాలి. సాకెట్లో మూడు రంధ్రాలున్నంత మాత్రాన వెనక ఎర్త్ వైరు ఉందని కాదు. క్యాబినెట్‌ని తాకితే చెయ్యి జిల్లుమంటుంటే ఎలక్ట్రీషియన్‌తో చెక్ చేయించండి. ఓనర్ ఒప్పుకోకపోయినా అడగండి, ఎందుకంటే ఇది పీసీ కంటే ముందు మీ ప్రాణానికి సంబంధించింది.

ర్యామ్, ఇక్కడ తొందరపడొద్దు

నా అనుభవంలో కొత్త పీసీ బ్లూ స్క్రీన్లలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతాయి. అందుకే ఒక రాత్రి కాదు, అవసరమైతే మూడు రాత్రులు దీనికే ఇవ్వండి.

డబ్బా మీద 6000 అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ స్పీడు ర్యామ్ పెట్టగానే వచ్చేది కాదు, బయాస్‌లో ఇంటెల్ బోర్డులైతే ఎక్స్‌ఎమ్‌పీ, ఏఎమ్‌డీ బోర్డులైతే ఎక్స్‌పో అనే ప్రొఫైల్ ఆన్ చేస్తే వస్తుంది. ఆ ప్రొఫైల్ అంటే ఓవర్‌క్లాకే, మామూలు స్పీడు కంటే ఎక్కువలో నడపడమే. ఎక్కువ మందికి ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది, నిజమే, కానీ ప్రాసెసర్ కంపెనీ మాటిచ్చే స్పీడు అది కాదు. ఉదాహరణకి రైజెన్ 7000 సిరీస్‌కి ఏఎమ్‌డీ అధికారికంగా చెప్పే లెక్క, రెండు ర్యామ్ స్టిక్కులైతే 5200, నాలుగు స్టిక్కులైతే 3600. 9000 సిరీస్‌లో రెండింటికి 5600 అయింది, నాలుగింటికి మాత్రం అదే 3600.

మా తమ్ముడి కథ ఇదే. 32 జీబీ కిట్ (రెండు స్టిక్కులుండే ప్యాకెట్) ఒకటి కొన్నాడు, ఎడిటింగ్‌కి సరిపోదేమోనని అదే కంపెనీ, అదే మోడల్ ఇంకో కిట్ కొని నాలుగు స్లాట్లూ నింపాడు, ఎక్స్‌పో ఆన్ చేశాడు. నాలుగు స్టిక్కులు 6000 దగ్గర, రెండు వేర్వేరు ప్యాకెట్లవి. షాపులో గంట సేపు ఖాళీగా ఆన్‌లో ఉన్నప్పుడు ఏమీ కాలేదు, రూమ్‌లో పని చెప్పగానే కూలింది. ఒక కిట్ తీసేసి రెండు స్టిక్కులతో నడిపాం, క్రాష్ ఆగిపోయింది. అంతే. మూడుసార్లు ఫార్మాట్ కొట్టినా ఏమీ మారకపోవడానికి కారణం కూడా అదే, ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడే ఫైళ్లు ఆ తప్పుల ర్యామ్ గుండా వెళ్లి డిస్కులోకి చేరుతున్నాయి.

కాబట్టి వరసగా ఇలా చేయండి. బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో ఆపేయండి. మీ ర్యామ్ డీడీఆర్5 తరానిదైతే మార్పు చేశాక మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, తెర నల్లగా ఉంటుంది, బోర్డు ర్యామ్‌ని సరిచూసుకుంటోందన్నమాట, పోయిందనుకుని మధ్యలో పవర్ ఆపకండి. ఇప్పుడు రెండు మూడు రోజులు మామూలుగా వాడండి. క్రాష్ ఆగిందా, దొంగ దొరికినట్టే. ఆగలేదా, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 టూల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాని నుంచి బూట్ చేసి రాత్రి పడుకునే ముందు నడపండి. నాలుగు పాస్‌లు, అంటే పరీక్ష మొత్తం నాలుగు చుట్లు, పూర్తవనివ్వండి. ఇందులో ఒక్క ఎర్రర్ కూడా ఉండకూడదు, వేల కోట్ల బిట్లలో ఒకటే కదా అని వదిలేయడానికి లేదు. ఎర్రర్లు వస్తే ఫొటో తీయండి, తర్వాత ఒక్కో స్టిక్కుని విడిగా, ప్రతిసారీ ఒకే స్లాట్‌లో పెట్టి నడపండి. నాలుగు స్లాట్ల బోర్డులో ఆ స్లాట్ సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, రెండు స్టిక్కులైతే రెండోదీ నాలుగోదీ. మీ బోర్డు బుక్‌లెట్‌లో బొమ్మ ఉంటుంది, దాన్నే నమ్మండి. ఒక స్టిక్కుకే ఎర్రర్ వస్తే అది స్టిక్కు తప్పు. ఏ స్టిక్కు పెట్టినా ఆ స్లాట్‌లో వస్తే బోర్డు గానీ, ప్రాసెసర్ పిన్నుల దగ్గర గానీ ఏదో ఉంది. ఒక్కోసారి కూలర్‌ని ఒక పక్క మరీ బిగించేసినా ఇలాగే అవుతుంది, వదులు చేసి నాలుగు మూలలా సమానంగా బిగించి చూడండి.

మెమ్‌టెస్ట్ పాసయినంత మాత్రాన ర్యామ్‌కి క్లీన్‌చిట్ ఇచ్చేయకండి. అది ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఉన్నప్పుడు నడిచే పరీక్ష. విండోస్‌లో నడిచే ఓసీసీటీ లేదా టెస్ట్‌మెమ్5 అనే పరీక్ష టూల్ ఒక గంటైనా నడిపి, అందులోనూ పాసైతే అప్పుడు ముందుకెళ్లండి.

డంప్ ఏం చెబుతోంది

సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో మినీడంప్ అనే ఫోల్డర్ ఉంటుంది. డంప్‌లను చదివి చెప్పే విన్‌డీబీజీ అనే టూల్ మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేసుకోండి. డంప్ ఫైళ్లను డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి ఒక్కోటి తెరవండి, ఎనలైజ్ అన్న లింకు వస్తుంది, దాన్ని నొక్కి ఒక్క నిమిషం ఆగండి. మాడ్యూల్ నేమ్, ఇమేజ్ నేమ్ అని రెండు లైన్లు వెతకండి, అనుమానించాల్సిన డ్రైవర్ పేరు అక్కడే ఉంటుంది.

ఒక్క డంప్ చూసి ఏ నిర్ణయానికీ రావద్దు, కనీసం నాలుగైదు పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రతిసారీ అదే డ్రైవర్ పేరు, అదే స్టాప్ కోడ్ వస్తుంటే ఆ డ్రైవర్ని పట్టుకోండి. ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు, కోడ్ కూడా మారుతోంది అంటే అనుమానం హార్డ్‌వేర్ మీదికి, ముఖ్యంగా మళ్లీ ర్యామ్ మీదికే పోవాలి. ఎన్‌టీ కెర్నల్ (విండోస్‌కి గుండెకాయ లాంటి భాగం) పేరు వచ్చిందని విండోస్ పాడైంది అనుకోకండి, దెబ్బ తగిలిన చోటు అది, కొట్టింది ఇంకెవరో.

కోడ్‌ల సంగతికొస్తే, మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా, ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ ఈ మూడూ ర్యామ్ లేదా డ్రైవర్ వైపు చూపిస్తాయి. డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ వస్తే హార్డ్‌వేరే నేరుగా ఫిర్యాదు చేసిందన్నమాట, ప్రాసెసర్, వోల్టేజి, ఓవర్‌క్లాక్, ఒక్కోసారి ఎస్‌ఎస్‌డీ. క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్ ఎక్కువగా ప్రాసెసర్ వైపు. వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ గ్రాఫిక్స్ డ్రైవర్ లేదా కార్డు. క్రిటికల్ ప్రాసెస్ డైడ్, అన్‌ఎక్స్‌పెక్టెడ్ స్టోర్ ఎక్సెప్షన్ వచ్చినప్పుడు ఎస్‌ఎస్‌డీని కూడా లెక్కలోకి తీసుకోండి. ఇవి సూచనలే, తీర్పులు కావు.

డ్రైవర్లు

బోర్డు కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ నంబరు, రివిజన్ చూసుకుని చిప్‌సెట్, నెట్‌వర్క్, ఆడియో డ్రైవర్లు పెట్టండి. అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌లో అప్‌డేట్ చేస్తాం అనే సాఫ్ట్‌వేర్ల జోలికి పోకండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మీద అనుమానముంటే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే టూల్‌తో, సేఫ్ మోడ్‌లో, నెట్ తీసేసి పాతది పూర్తిగా తుడిచి కొత్తది ఎక్కించండి. రంగు లైట్లు మార్చే సాఫ్ట్‌వేర్లు, ఫ్యాన్ కంట్రోల్ యాప్‌లు, రెండో యాంటీవైరస్, పాత వీపీఎన్, వీటిని తీసేసి చూడండి. చిన్న యాప్‌లే కదా అనిపిస్తుంది గానీ ఇలాంటివి చాలావరకు కెర్నల్ లోపల డ్రైవర్ పెట్టుకుంటాయి, అక్కడ ఒక్క తప్పు జరిగినా మొత్తం విండోస్ ఆగిపోవాల్సిందే. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు బ్లూ స్క్రీన్‌లో పడ్డాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది.

బయాస్, ప్రాసెసర్

కొత్త బోర్డు డబ్బాలోంచి తీసినప్పుడు దాని బయాస్ ఏడాది పాతదైనా ఆశ్చర్యం లేదు. ర్యామ్‌తో పొసగకపోవడం చాలాసార్లు కొత్త బయాస్‌తోనే సర్దుకుంటుంది. కానీ అప్‌డేట్‌కి ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, విండోస్ 11లో డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్కుకి బిట్‌లాకర్ వేసే తాళం) మీకు తెలీకుండానే ఆన్ అయి ఉండొచ్చు, బయాస్ మారాక బిట్‌లాకర్ రికవరీ కీ అడిగితే మీ దగ్గర ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ కీ ముందే రాసి పెట్టుకోండి. రెండు, కరెంటు. బెంగళూరులో మే నెల సాయంత్రాలు ఎలా ఉంటాయో తెలుసు కదా, నాలుగు చినుకులు, రెండు ఉరుములు, కరెంటు పోతుంది. అప్‌డేట్ మధ్యలో పోతే బోర్డే లేవకపోవచ్చు. యూపీఎస్ ఉంటే దాని మీద, లేకపోతే ఆకాశం తేటగా ఉన్న ఉదయం పూట చేయండి. పీజీలో ఇన్వర్టర్ ఉందిలే అనుకోకండి, చాలా చోట్ల అది లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే ఉంటుంది.

మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే ఈ మెట్టు తప్పనిసరి, ముఖ్యంగా సెకండ్‌హ్యాండ్‌లో కొని ఉంటే. అవసరానికి మించి వోల్టేజి వెళ్లి ప్రాసెసర్ లోపలే క్రమంగా దెబ్బతినే సమస్య వాటిలో చాలావాటికి ఉందని ఇంటెల్ ఒప్పుకుంది, 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో దానికి మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి కోడ్‌కి సవరణలు) ఇచ్చింది, అవి బయాస్ ద్వారానే వస్తాయి. కొత్త బయాస్ ఇకముందు దెబ్బ తగలకుండా చూస్తుంది గానీ ఇప్పటికే తగిలినదాన్ని బాగు చేయలేదు. గ్రాఫిక్స్ కార్డులో బోలెడంత మెమరీ ఉన్నా గేమ్ మొదలవగానే వీడియో మెమరీ చాలట్లేదని రావడం దాని గుర్తుల్లో ఒకటి. అలా ఉంటే వారంటీకి వెళ్లండి, ఈ సమస్య ఉన్న మోడళ్లకు ఇంటెల్ దాన్ని రెండేళ్లు అదనంగా పొడిగించింది.

వేడి, ఎస్‌ఎస్‌డీ

వీటికి ఎక్కువ సేపు పట్టదు. వేడి ఎంతో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో పక్కన తెరిచి పెట్టుకుని ఓసీసీటీలో పవర్ టెస్ట్ అరగంట నడపండి. రైజెన్ 7000 పెద్ద ప్రాసెసర్లు ఫుల్ లోడ్‌లో 95 డిగ్రీలు తాకడం వాటి డిజైన్‌లోనే ఉంది, ఆ అంకె చూసి టెన్షన్ పడకండి. కానీ ఖాళీగా ఉన్నప్పుడే 70, 80 చూపిస్తుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదు. టెస్ట్ మొదలైన కొద్దిసేపటికే టక్కున ఆరిపోతే ఎస్‌ఎమ్‌పీఎస్ మీద అనుమానం, స్నేహితుడి దగ్గర మంచిది ఉంటే దాని సొంత కేబుళ్లతో సహా తెచ్చి మార్చి చూడండి. ఒక ఎస్‌ఎమ్‌పీఎస్ కేబుళ్లు ఇంకోదానికి వాడకూడదు, పిన్నుల వరస వేరైతే పార్టులు కాలిపోతాయి. ఎస్‌ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో హెల్త్ చూసి, కంపెనీ టూల్‌తో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసి, ఇంకో ఎమ్‌డాట్2 స్లాట్ ఉంటే అందులో పెట్టి చూడండి.

విండోస్ ఫార్మాట్ ఎప్పుడంటే, ఇదంతా అయ్యాక. హార్డ్‌వేర్ నిలకడగా ఉందని తేలాక, తప్పుల ర్యామ్ మీద ఇన్‌స్టాల్ అయిన విండోస్‌ని ఒకసారి శుభ్రంగా మళ్లీ ఎక్కించుకోవడం మంచిదే.

షాపుకి వెళ్లాల్సి వస్తే

ఎస్పీ రోడ్డుకి ఆదివారం కాకుండా మామూలు రోజు, ఉదయం పూట, రద్దీ పెరగకముందే వెళ్లండి. "అన్నా, హ్యాంగ్ అవుతోంది" అంటే వాళ్లు ఆన్ చేసి చూసి ఇచ్చేస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు. "ఈ స్టిక్కు ఒక్కటే, రెండో స్లాట్‌లో, ప్రొఫైల్ ఆపేసి పెట్టినా ఎర్రర్లు వస్తున్నాయి, ఇదిగో ఫొటోలు" అని చెప్పండి. మెమ్‌టెస్ట్ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి వాళ్ల ముందే, వీలైతే వాళ్ల బోర్డు మీదే నడపమనండి. జీఎస్‌టీ బిల్లు, పార్టు డబ్బా, సీరియల్ నంబరు స్టిక్కర్ దగ్గరుండాలి. చాలా బ్రాండ్‌ల ర్యామ్‌కి వారంటీ కంపెనీ దగ్గరే నేరుగా క్లెయిమ్ చేసుకోవచ్చు, షాపు కాదన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా పెరిగాయో చూశాం కదా, వారంటీ ఉన్న స్టిక్కుని విసుగొచ్చి పారేయకండి. బిల్లు ఉండి, వారంటీ ఉండి కూడా తిప్పించుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.

క్రాష్ ఆగాక రెండు వారాలు ఏమీ మార్చకుండా వాడండి. అప్పుడు స్పీడు కావాలంటే ప్రొఫైల్ ఆన్ చేసి, ముందు ఫ్రీక్వెన్సీని ఒక మెట్టు తగ్గించి, 6000 కిట్ అయితే 5600 దగ్గర పెట్టి, రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపి, బాగుంటే 6000కి వెళ్లండి. మా తమ్ముడు రెండు స్టిక్కులతో 6000 దగ్గర అలాగే నడుపుతున్నాడు, రెండో కిట్‌ని ఊళ్లో అన్నయ్య పీసీకి పంపాడు. చివరగా, స్టార్టప్ అండ్ రికవరీలో మొదట తీసేసిన ఆటోమేటికల్లీ రీస్టార్ట్ టిక్‌ని మళ్లీ పెట్టేయండి.